గొంతు పట్టని సెట్లు

కోరుట్ల,
ఏప్రిల్ 9, 2025.

మూడు ఊళ్ల వాకీటాకీ డీలర్ల సంఘం సెక్రెటరీ గారికి,

కోరుట్ల నుంచి రాజనర్సు రాస్తున్నది. మీ నోటీసు అందింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలన్నారు. ఫోన్లో తెలుపుదామంటే నా నంబరు మీ ఫోన్లో మూడేళ్లుగా మోగదు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కౌంటర్‌లో కూర్చున్న పిల్ల నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఉత్తరమా? ఏమన్న కోర్టు కేసా పెద్దనాయినా?" అంది. "కేసే బిడ్డా. మూడేండ్ల సంది నడుస్తంది, వాయిదా కూడా ఇస్తలేరు" అన్నాను.

ఇక నా అభ్యంతరం. రెండు కంపెనీలవాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని, ఇద్దరి డిజిటల్ సెట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడేటట్టు ఒకే పద్ధతి పెట్టుకుంటారట. అప్పుడు సెట్టు చౌకవుతుందట. పాత సెట్టు ఒక్కటి మాట్లాడే సందులో కొత్తవి రెండు మాట్లాడతాయట. ముగ్గురు కూర్చునే సీట్లో ఆరుగురిని కుక్కే మెట్‌పల్లి షేరాటోవాడు ఈ పని ఎప్పుడో చేశాడు, వాడికెవరూ శాలువా కప్పలేదు. అయినా అంత ఇరుకు సందులోంచి దూరి వచ్చిన గొంతు గొంతులాగే ఉంటుందా? జగిత్యాలలో ఒక దుకాణంలో విన్నాను. రేకు డబ్బాలో పడ్డ కందిరీగ మాట్లాడినట్టుంది. ఆడో మగో తెలియదు, కోపమో నవ్వో తెలియదు. మనిషిని చెరుకు మిషన్లో పెట్టి, రసం పారబోసి, పిప్పిని పంపినట్టు.

పదకొండు దుకాణాల సంతకాలూ ఉంటేనే కంపెనీలు మన దగ్గర ట్రయల్ పెడతాయని నోటీసులో ఉంది. పది వచ్చాయని విన్నాను. పదకొండోది రాదు.

ఇట్లు,
రాజనర్సు
(ఏడు పాస్. ఎనిమిదిలో ఉండగా మా సారే బడి మానేశాడు.)


సిరిసిల్ల,
ఏప్రిల్ 17, 2025.

శ్రీ రాజనర్సు గారికి,

మీ అభ్యంతరం అందింది. ఫైలులో పెట్టాను. సమాధానం చెప్పడం సెక్రెటరీగా నా బాధ్యత కాబట్టి చెబుతున్నాను.

మొన్నటి ధర్మపురి జాతరలో గోదావరి ఘాట్ దగ్గర ఒక కంపెనీ సెట్లు, బస్టాండ్ దగ్గర ఇంకో కంపెనీ సెట్లు పెట్టారు. బస్టాండ్‌వి మావి. వీర్నపల్లి నుంచి వచ్చిన దేవవ్వ అనే ముసలామె ఘాట్ దగ్గర తప్పిపోయింది. ఆమె మనవరాలు బస్టాండ్‌లో మా మనిషి పక్కన నిలబడి ఏడుస్తోంది. అక్కడా సెట్టు ఉంది, ఇక్కడా సెట్టు ఉంది. ఒకదాని మాట ఇంకోదానికి ఎక్కదు. పొద్దున ఎనిమిదికి తప్పిపోయిన మనిషి మధ్యాహ్నం మూడింటికి దొరికింది. ఉన్నది పిలుపు దూరంలోనే. ఆ ఏడు గంటలూ ఆమె తన ఊరి పేరే చెబుతూ కూర్చుందట.

రెండు కంపెనీలూ కలిసి ఒక పద్ధతి పెట్టుకుంటున్నది గొంతు తీయగా వినబడాలని కాదు. మాట చేరాలని.

ఇంకో సంగతి. కొత్త సెట్టుకు చిన్న తెర ఉంటుంది. మాట్లాడుతున్నది ఎవరో దాని మీద పేరూ నంబరూ పడతాయి. ఒకరి గొంతుతో ఇంకొకరు మాట్లాడి తప్పించుకోలేరు. ఈ సౌకర్యం వల్ల ఇబ్బంది ఎవరికో నేను రాయనక్కరలేదు.

సంతకం ఫారం జతపరిచాను.

ఎం.డి. ముజాహిద్,
సెక్రెటరీ.


కోరుట్ల,
మే 2, 2025.

ముజాహిద్ భాయ్‌కి,

మొదట "సెక్రెటరీ గారికి" అనే రాసి కొట్టేశాను. ఇరవై ఏళ్లు ఒకే బల్లకు అటొకడు ఇటొకడు కూర్చుని, ఒకే సోల్డర్ పొగ పీల్చి, ఒకే దగ్గు దగ్గినవాళ్లం. నిన్ను "గారు" అంటే నా పెన్నుకే నవ్వొస్తోంది.

దేవవ్వ సంగతి నువ్వు నాకు చెప్పనక్కరలేదు. ఆ రోజు నేను ధర్మపురిలోనే ఉన్నాను. నా సెట్లు అక్కడ ఒక్కటీ కిరాయికి లేవు. మొక్కూ లేదు. మరెందుకు పోయావంటావు. రాస్తున్నా, ఫైలులో పెట్టుకో.

నువ్వు దుకాణం విడిచి సిరిసిల్ల పోయిన తర్వాత, నీ సెట్లు ఏ ఊరికి పోతున్నాయో కనుక్కునేవాణ్ణి. వేములవాడ శివరాత్రి, సిరిసిల్ల వినాయకుల నిమజ్జనం, ఎల్లంతకుంటలో ఎవరిదో పెళ్లి. పాత అనలాగ్ సెట్టు అంగీ లోపల పెట్టుకుని, జనంలో ఒక మూల నిలబడేవాణ్ణి. పొద్దున్నే నీ చెక్ వచ్చేది. "హలో చెక్. ఏక్, దో, తీన్. సునాయి దియా క్యా?" తీన్‌కూ, వినబడిందా అనే ఆ "సునాయి"కీ నడుమ ఒక దగ్గు. అది వినడం, బస్సెక్కడం. జ్యోతికి స్పేర్ పార్టుల కోసం పోతున్నానని చెప్పేవాణ్ణి. "మూడేండ్ల సంది నువ్వు తెచ్చిన పార్టులు అన్ని ఒక్కకాడ బిగిస్తే హెలికాప్టర్ తయారైతుండె" అంటుంది మా ఇంటామె. దానికి అనుమానం లేదని కాదు. పోనిస్తుంది.

ఈ ఏడు నువ్వు డిజిటల్‌కు మారావు. నాకు తెలియదు. ఘాట్ మెట్ల మీద నిలబడి సెట్టు చెవికి ఆనిస్తే, పిండి గిర్ని తిరిగినట్టు గర్ర్ అని ఒకటే రొద. బ్యాటరీ మార్చాను. ఏరియల్ తిప్పాను. సెట్టును రెండు చరిచాను. అరగంటకు అర్థమైంది. సెట్టు మంచిగానే ఉంది. ఆ రొదే నువ్వు. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు, నా దాకా వచ్చేసరికి గర్ర్ అవుతున్నది.

నా అభ్యంతరం ఇది. షేరాటో, కందిరీగ అన్నీ ఉత్తి మాటలు.

ఫారం ఇంకా ఖాళీగానే ఉంది.

రాజనర్సు


సిరిసిల్ల,
మే 13, 2025.

రాజనర్సుకు,

నా గొంతు వినడానికి ఊరూరా తిరిగానని రెండు పేజీలు రాశావు. అదే గొంతుతో నువ్వేం చేశావో ఒక్క ముక్క రాయలేదు. నీకు మరుపు. నేను రాస్తాను.

మూడేళ్ల కింద, కోరుట్లలో, మా అమ్మాయి సాదియా పెళ్లి. సెట్లు మనవే. నాలుగు పెద్ద దేగుల బిర్యానీ మూతలు బిగించి దమ్ మీద ఉంది. మా అమ్మ, లాల్‌బీ, వంటవాళ్ల పక్కన కుర్చీ వేయించుకుని, తనకూ ఒక సెట్టు కావాలని పట్టుబట్టి చేతిలో పెట్టుకుంది. అందులోంచి నా గొంతు వచ్చింది. "అమ్మీ, బారాత్ ఆగై. ఢక్కన్ ఖోల్ దేవ్." కొడుకు చెప్పాడని అమ్మ మూతలు తీయించింది. అప్పటికి బారాత్ ఇంకా మెట్‌పల్లి దాటలేదు. నేను ఖాజీ సాబ్‌ను తేవడానికి పోయి ఉన్నాను, నా సెట్టు మన టేబుల్ మీద ఛార్జింగ్‌లో ఉంది. గంటన్నర తర్వాత మగపెళ్లివారు కూర్చుంటే, మా వియ్యంకుడు రెండు వేళ్లతో ఒక మెతుకు పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇది అన్నమా, బియ్యమా?"

నా గొంతు తీసేవాడివి నువ్వొక్కడివే, అందరి ముందూ నిన్నడిగాను. "నర్సూ, నువ్వేనా?" నువ్వు ఏమన్నావు? "నాకేమెరుక భాయ్, ఏదో ఇంటర్‌ఫియరెన్స్ కావచ్చు." జనం నవ్వారు. నువ్వూ నవ్వావు. నీ గొంతు ఇక వినేది లేదని ఆ రోజే ప్రమాణం చేశాను.

బిర్యానీ పోయిందని కాదు. వియ్యంకుడు ఇప్పుడు మా ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకుంటాడు. అమ్మ సంగతి చెబుతున్నాను. "నా కొడుకు గొంతు నాకెరుక లేదా? తనే చెప్పి, పని చెడినంక నేను చెప్పలే అంటున్నడు" అని ఆ రోజు అన్నది, ఈ రోజుకీ అంటుంది. నన్ను కన్న తల్లి నన్ను అబద్ధాలకోరు అనుకుంటోంది. వాన పడుతోంది అమ్మీ అని చెబితే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది.

సంతకం వేరు, ఇది వేరు. సంతకం పెట్టకపోయినా సరే.

ముజాహిద్


కోరుట్ల,
మే 21, 2025.

ముజ్జూ,

నేనే.

ఆ ఒక్క మాట రాయడానికి వారం పట్టింది. ఎందుకు చేశావంటే చెబుతాను, నమ్మితే నమ్ము.

ఆ పొద్దున నువ్వు సెట్టు నా చేతిలో పెట్టి, "నువ్వు గేటు కాడ పార్కింగ్ చూసుకో నర్సూ. లోపట పెద్దోళ్లుంటరు, నీ నోరు ఊకుండది" అన్నావు. తప్పేం లేదు. నా నోరు ఊరుకోదని ఊరంతా తెలుసు. కానీ సాదియాకు నడక రాని రోజుల్లో భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ణి నేను. దాని పెళ్లిలో ఎండకు నిలబడి, "రివర్స్, రివర్స్, ఆప్" అనుకుంటూ కార్లు తోలాను. దేగుల మూతలు తీస్తే వాసన గేటు దాకా వస్తుందనీ, ఎవరైనా నర్సు ఏడి, నర్సు తిన్నడా అని అడుగుతారనీ బుద్ధి పుట్టింది. రెండు నిమిషాల్లో "అమ్మీ, నేను నర్సును, మూతలు పెట్టేయ్" అని చెప్పేద్దామనుకున్నాను. అంతలో బారాత్ కంటే ముందొచ్చిన బస్సొకటి గేటుకు అడ్డం పడింది. డ్రైవర్‌తో కొట్లాటలో పడి మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి వంటవాళ్లు తలలు పట్టుకుని ఉన్నారు.

అందరి ముందు కాకుండా పక్కకు పిలిచి అడిగితే ఒప్పుకునేవాణ్ణి అని రాయబోయాను. అదీ అబద్ధమే. అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఫారం మీద సంతకం పెట్టాను. ఈ ఉత్తరం అమ్మీకి చదివి వినిపించు.

నర్సు


సిరిసిల్ల,
జూన్ 4, 2025.

నర్సుకు,

సంతకం అందింది. పదకొండూ పూర్తయ్యాయి. కంపెనీలకు పంపించాను.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను, మా మాటలోకి మార్చి. అంతా విని, "కాగితం మీద ఎవడైనా ఏమైనా రాస్తాడు. చదివేది నువ్వే. రాసింది కూడా నువ్వేనేమో" అంది. అమ్మకు తెలుగు చదవడం రాదు.

ట్రయల్ జూలై 12న జగిత్యాలలో. రెండు కంపెనీల ఇంజినీర్లూ వస్తున్నారు. ఒక కంపెనీ సెట్టు అక్కడి మీటింగు హాల్లో, ఇంకో కంపెనీ సెట్టు ధర్మపురి రోడ్డులో మా అక్క ఇంటి మిద్దె మీద. హాల్లోంచి ఒక్కో దుకాణం వాళ్లు ఒక వాక్యం మాట్లాడాలి. మిద్దె మీద నేనుంటాను. ఆ రోజే అమ్మను కళ్ల డాక్టర్‌కు చూపించేది ఉంది, ఆమె కూడా అక్కడే ఉంటుంది.

నువ్వు రాసిందే సెట్టులో చెప్పు.

నా ప్రమాణం ఏమవుతుందని నవ్వుతావు. నీ గొంతు విననని కదా ప్రమాణం. ఆ సెట్టులోంచి వచ్చేది గొంతే కాదని నువ్వే అభ్యంతరం రాశావు. ఫైలులో ఉంది.

ముజాహిద్


జగిత్యాల బస్టాండ్,
జూలై 12, 2025. సాయంత్రం.

ముజ్జూ,

కోరుట్ల బస్సు కోసం కూర్చుని మోకాలి మీద రాస్తున్నా. అక్షరాలు వంకరపోతే బస్టాండ్ బెంచీని తిట్టు.

నా వంతు వచ్చినప్పుడు, ల్యాప్‌టాప్ ముందున్న ఇంజినీరమ్మ ఒక చీటీ ఇచ్చింది. "ఈ రోజు వాతావరణం అనుకూలంగా ఉన్నది" అని చదవాలట. చీటీ మడిచి జేబులో పెట్టి బటన్ నొక్కాను. "అమ్మీ, నేను నర్సును. సాదియా పెండ్లినాడు ముజ్జు గొంతు పెట్టి మూతలు తీపిచ్చింది నేనే. నీ కొడుకు అబద్ధం ఆడలే. నేనే ఆడిన" అన్నాను. హాల్లో పది మంది డీలర్లు, ఆరుగురు ఇంజినీర్లు. ఇంజినీరమ్మ తెర వైపు చూస్తూ, "సార్, సిగ్నల్ బాగుంది. వాక్యం మాత్రం చీటీలోది కాదు" అంది.

అప్పుడు నా సెట్టులో, "రైట్. చేరింది" అని వచ్చింది. హాలంతా చప్పట్లు. ఒక కంపెనీ సెట్టు అడిగితే ఇంకో కంపెనీ సెట్టు జవాబిచ్చిందని. తెర మీద "సిరిసిల్ల 1" అని పడింది. అది పడకపోతే నిన్ను గుర్తుపట్టేవాణ్ణి కాదు. మూడేళ్లకు నువ్వు నాతో అన్న రెండు మాటలు. వాటిలో నువ్వు ఏ మూల ఉన్నావా అని ఇంతసేపూ వెతుక్కుంటున్నా. దగ్గు కూడా రాలేదు. దగ్గును కూడా పిండేస్తుందేమో ఆ మిషన్.

అమ్మీ ఏమంది? వెంటనే రాయి.

నర్సు


సిరిసిల్ల,
జూలై 16, 2025.

నర్సుకు,

అమ్మ విన్నది. మొత్తం విన్నది. విని, "కౌన్ హై యే?" అని అడిగింది. నర్సు అని చెప్పాను. "ఝూట్. నర్సు గొంతు నాకు తెలుసు. రేకు డబ్బా లోపల నుంచి మాట్లాడినట్టు ఉంటుందా? ఎవణ్ణో తెచ్చి చెప్పిస్తున్నావు" అంది. తెర మీద "కోరుట్ల 3" అని పడింది చూడమన్నాను. డాక్టర్ కళ్లలో చుక్కలు వేసి అప్పటికి గంట కాలేదు. "నాకేం కనిపిస్తలేదు, నువ్వు చెప్పిందే వినాలి కదా" అంది.

ట్రయల్ నెగ్గింది. రెండు కంపెనీలూ ఒకే పద్ధతికి ఒప్పుకుని కాగితం రాసుకుంటున్నాయి. సంఘం తరఫున మనమేమన్నా చెప్పాలా అని అడిగారు. మాట్లాడే మనిషి ఎవరో తెర చూడకుండా తెలిసేటట్టు గొంతు బాగుచేయండి అని రాసిచ్చాను. కోరుట్ల సభ్యుని అభ్యంతరం అని నీ పేరే పెట్టాను. వచ్చే ఏటి సెట్లలో చూస్తామన్నారు.

వచ్చే ఏటికి అమ్మకు డెబ్బై తొమ్మిది.

ముజాహిద్


కోరుట్ల,
ఆగస్టు 3, 2025.

ముజ్జూ,

మంగళవారం నువ్వు ఎల్లంతకుంట పోతావని తెలుసుకుని, ఆ రోజే సిరిసిల్ల వచ్చాను. నీ ప్రమాణం చెడకూడదని నువ్వు లేనప్పుడు వచ్చాను. అమ్మీ నీకు చెప్పే ఉంటుంది.

నన్ను చూసి, "ఎంత గుంజుకపోయినవ్‌రా, పెండ్లాం కూడు పెడ్తలేదా?" అని తిట్టి చాయ్ పెట్టింది. కప్పు కింద పెట్టకుండానే చెప్పేశాను. అమ్మీ, ఆ రోజు మాట్లాడింది నేనే. ఆమె నా చేతిలో కప్పు తీసుకుని కింద పెట్టింది. "అయితే ఇప్పుడు మాట్లాడు. నా కొడుకు లెక్క మాట్లాడు, వింట."

ఇదేం పెద్ద పని అనుకున్నా. కళ్లు మూసుకుని, "అమ్మీ, బారాత్ ఆగై" అన్నాను. మేకల బేరగాడి గొంతు వచ్చింది. మళ్లీ అన్నాను. ఈసారి మా నాయిన వచ్చాడు, కల్లు ముంత దించి కేకేసినట్టు. మూడోసారి ఎవరి గొంతో నాకే తెలియదు. ముజ్జూ, ఇప్పటికీ నేను ఎవరి గొంతైనా తీస్తాను. కోరుట్ల డిపో కండక్టరు, ధర్మపురి గుడి మైకు అయ్యగారు, జ్యోతి వాళ్లమ్మ, అందరూ నా గొంతులో ఉన్నారు. నువ్వు లేవు. మూడేళ్లు దొంగచాటుగా విన్న ఏక్, దో, తీన్ ఒక్కటే మిగిలింది. దాంతో ఎన్ని మాటలని కట్టను?

అమ్మీ మొదట నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దోస్త్ మీద పడ్డ మాట పోవాలని ఇంత దూరం అచ్చి అబద్ధమాడుతున్నవ్ నర్సూ. నీ అసుంటోడు నా కొడుక్కు మల్ల దొరకడు" అంది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కింద కూర్చోవడం కంటే చెప్పుతో కొడితే సుఖంగా ఉండేది.

కోరుట్ల దాకా బస్సులో ప్రయత్నం చేస్తూనే వచ్చాను. పక్క సీటామె లేచి వెనక్కి పోయింది.

నేర్చుకుని మళ్లీ వద్దామంటే, ఎక్కడ విని నేర్చుకోవాలి?

నర్సు


సిరిసిల్ల,
ఆగస్టు 11, 2025.

నర్సూ,

ఉత్తరం అందింది. ఆ రోజు సాయంత్రం నేను గడప తొక్కకముందే అమ్మ మొదలుపెట్టింది. నా తప్పు నువ్వు నెత్తిన వేసుకుంటున్నావట, నాకు సిగ్గుండాలట. ఇంతవరకు అబద్ధాలకోరును, ఇప్పుడు దోస్తును బలిపెట్టేవాణ్ణి కూడా అయ్యాను. నీ పుణ్యం.

గొంతు గురించి ఆలోచించాను. నాది ఏ సెట్టులోనూ లేదు. ఫోన్లో పంపుదామా అనుకున్నాను. నా గొంతు నేనే రికార్డు చేసి విన్నాను, నాకే ఎవరో పరాయివాడు అనిపించాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే నువ్వు పట్టుకుంటావు. అప్పుడు పట్టుకున్నది కూడా అట్లాగే కదా. పైగా కిందటేడు నా కుడి దవడ పన్ను ఒకటి పోయింది. ఇప్పటి గొంతు ఆనాటి గొంతు కాదు. ఆనాటిది ఎట్లా ఉండేదో నేను చెప్పాలి, నువ్వు తియ్యాలి, తప్పుపోతే నేను మళ్లీ చెప్పాలి.

ప్రమాణం సంగతి మసీదులో ఇమామ్ సాబ్‌ను అడిగాను. పది మంది బీదలకు అన్నం పెడితే తీరుతుందన్నారు. నిన్న పెట్టాను.

గురువారం రా. అమ్మ ఆ వారం జగిత్యాలలో అక్క ఇంట్లో ఉంటుంది. దుకాణం మీద గది ఖాళీగా ఉంది. రెండు రోజుల్లో పట్టుబడుతుందో, పది రోజులు పడుతుందో నాకు తెలియదు. మూడేళ్ల మాటలున్నాయి.

బట్టలు తెచ్చుకో.

ముజ్జు